కుజగ్రహవాసులు: ఒక ఆంగ్ల కథ, ఒక అమెరికన్ కథ

ఆంగ్ల రచయితలూ అమెరికన్ రచయితలూ ఒకే భాషలో విజ్ఞాన కల్పిత కథలు వ్రాసినా, విజ్ఞానశాస్త్రాన్ని వారు చూచే దృష్టి ఒకటి కాదు. 1898 లో ఒకే విషయంపై వెలువడిన రెండు కథలలోనే ఈ భేదం స్పష్టంగా కనిపిస్తుంది.

మొదటిది ఇంగ్లండులో హెచ్. జి. వెల్స్ వ్రాసిన ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’. కుజగ్రహవాసులు భూమిపై దిగి, ఉష్ణకిరణంతోను విషధూమంతోను లండన్ నగరాన్ని పాడుచేస్తారు. ఫిరంగులు ఒకటి రెండు యంత్రాలను కూల్చినా, శత్రువును ఆపలేవు. చివరకు ఆ శత్రువులను చంపినవి సూక్ష్మజీవులు. భూమిమీది ప్రాణులు తరతరాలుగా సూక్ష్మజీవులతో పోరాడి కొంత నిరోధకశక్తి సంపాదించుకొన్నవి. కుజగ్రహంలో సూక్ష్మజీవులే లేవు గనుక, అక్కడినుండి వచ్చినవారికి ఆ శక్తి లేదు. వెల్స్ టి. హెచ్. హక్స్‌లీ వద్ద జీవశాస్త్రం చదివినవాడు. ఆ చదువు ఈ ముగింపుకు ఆధారమైనది. యూరపువారు టాస్మేనియా ప్రజలను ఎట్లా నాశనం చేసినారో మొదటి అధ్యాయంలోనే గుర్తుచేసి, కుజగ్రహవాసులను నిందించే హక్కు మానవులకు ఎంతవరకు ఉన్నదని అతడు ప్రశ్నించినాడు.

రెండవది న్యూయార్కు దినపత్రికలో వచ్చిన ‘ఎడిసన్స్ కాంక్వెస్ట్ ఆఫ్ మార్స్’. దీనిని వ్రాసిన గారెట్ పి. సర్విస్, ఖగోళశాస్త్రాన్ని వ్యాసాలద్వారా, ఉపన్యాసాలద్వారా సామాన్యులకు అందించినవాడు. అమెరికన్ పత్రికలు వెల్స్ కథను స్థలాలు మార్చి ప్రచురించగా, ఇది దానికి కొనసాగింపుగా వచ్చినది. ఇందులో ప్రఖ్యాత ఆవిష్కర్త ఎడిసన్, గురుత్వాకర్షణను విద్యుచ్ఛక్తితో ఎదిరించే నౌకలను, పదార్థాన్ని పొడిచేసే ఆయుధాన్ని నిర్మిస్తాడు. మానవులు కుజగ్రహంపై దండెత్తి, అక్కడి నీటి కట్టడాలను తెరిచి శత్రువులను వరదలో ముంచివేస్తారు. గాలిలేని చోట ధరించవలసిన దుస్తులను సైతం ఊహించటం సర్విస్ ప్రజ్ఞకు నిదర్శనం. కాని ఆయుధం పనిచేసే తీరు పేరుకు మాత్రమే వివరింపబడినది. వెల్స్ కథలో యంత్రాలన్నీ శత్రువులవే అయినా, ముగింపు శాస్త్రనియమానికి లోబడి ఉన్నది.

ఈ భేదం తరువాత కూడా కొంతవరకు కొనసాగినది. 1951 లో ఆంగ్ల రచయిత జాన్ విండమ్ వ్రాసిన ‘ది డే ఆఫ్ ది ట్రిఫిడ్స్’లో లోకమంతా దాదాపు అంధమవుతుంది; మిగిలిన కొద్దిమంది ఒక ద్వీపానికి తప్పుకొంటారు తప్ప విజయం సాధించరు. అమెరికాలో సంపాదకుడు జాన్ డబ్ల్యూ. క్యాంప్‌బెల్ పత్రికలో సమస్యను బుద్ధిబలంతో పరిష్కరించే కథానాయకులకు ఆదరణ లభించినది. అయితే దీనిని సూత్రంగా పట్టుకోరాదు. 1954 లో అదే పత్రికలో టామ్ గాడ్విన్ వ్రాసిన ‘ది కోల్డ్ ఈక్వేషన్స్’ వెలువడినది. ఇంధనం లెక్కకు సరిగా ఉన్న నౌకలో దొంగతనంగా ఎక్కిన బాలికను పైలటు రక్షించలేకపోతాడు. అమెరికన్ కథ అయినా, ఇక్కడ ప్రకృతి నియమమే గెలిచినది.

ఇంతకూ విద్యార్థికి ఏ కథ మేలు? దీనికి ఒక బాలుని చరిత్ర సమాధానమిస్తుంది. 1898 లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, పదిహేనేండ్ల రాబర్ట్ గొడార్డ్ బోస్టన్ పత్రికలో వెల్స్ కథ రూపాంతరాన్నీ, ఆపై సర్విస్ కథనూ చదివినాడు. ఆ రెండూ తన ఊహను గట్టిగా పట్టుకొన్నవని తరువాత వ్రాసుకొన్నాడు. 1926 మార్చి 16న ద్రవ ఇంధనంతో నడిచే మొదటి రాకెట్టును ఎగురవేసినవాడు ఇతడే. అది రెండున్నర సెకండ్లలో 41 అడుగుల ఎత్తు మాత్రమే చేరినది. కుజగ్రహానికి వెళ్లాలనే కోరిక సర్విస్ కథనుండి కలుగవచ్చును. కాని అక్కడికి వెళ్లినవారు ఎట్లా ప్రవర్తించాలో ఆలోచించటానికి వెల్స్ కథ అవసరం. కనుక తరగతిలో ఒకదానిని చదివించే ఉపాధ్యాయుడు రెండవదానిని కూడా చదివించటం ఉచితం.