కాలకేయుల ఇంట జోలపాట

కథలు రాసేవాళ్ళకి ఒక ఊరిని పుట్టించడం పెద్ద పనేం కాదు. రెండు వీధులు, ఒక రావిచెట్టు, ఒక నుయ్యి ఉంటే ఊరైపోతుంది. ఎక్కడా లేని లోకాన్ని కల్పించి, అందులోవాళ్ళకి ఒక భాష ఇవ్వాలంటేనే చిక్కు. శబ్దాలకేం కొదవ లేదు. అవి ఎవరి నోట, ఏ పనికోసం పెడుతున్నామన్నదే ఆలోచించాలి.

ఈ విద్యలో పింగళి నాగేంద్రరావుగారిని తలుచుకోకుండా ఎలా? 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో అస్మదీయులు, అంటే మనవాళ్ళు, రాక్షసుల నోట నలిగి ‘అసమదీయులు’ అయ్యారు. మనవాళ్ళున్నాక పరాయివాళ్ళకీ ఒక మాట కావాలి కదా! పక్కనే ‘తసమదీయులు’ మొలిచారు. పెళ్ళిపందిట్లో మగపెళ్ళివారిని చూసి ఈనాటికీ ఆ మాట అనుకుని నవ్వుకుంటాం. వినడానికి తమాషాగా ఉండటం ఒక కారణం. మనవాళ్ళు, పైవాళ్ళు అనే గీత ప్రతి ఇంట్లోనూ ఉండటం అసలు కారణం.

2015లో ‘బాహుబలి’ కోసం తమిళ రచయిత మదన్ కార్కీ ‘కిలికి’ భాషను కట్టారు. సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు. అందులో ‘మిన్’ అంటే నేను. తిరగేస్తే ‘నిమ్’, అంటే నువ్వు. ఎంత ముచ్చటైన ఊహ! 2020 ఫిబ్రవరి 21న, సరిగ్గా మాతృభాషా దినోత్సవం నాడు, నేర్చుకోవాలనుకునేవాళ్ళ కోసం దాన్ని లోకానికి అందించారు. బాగానే ఉంది, మాతృభాష అన్నారు గానీ అందులో మాత ఏదీ? సినిమాలో ఆ భాష మనకు వినిపించేది కాలకేయుల నోట, పోరులోనూ బెదిరింపులోనూ. ఆ తెగలో బిడ్డ ఏడిస్తే తల్లి ఏమంటుందో, కూరలో ఉప్పు ఎక్కువైతే మొగుడు ఏమంటాడో చూసినవాళ్ళకి తెలీదు. అంత శ్రమపడి కట్టిన భాష చివరికి భయపెట్టడానికే మిగిలింది.

సినిమా కల్పనే కదా అని సరిపెట్టుకుందామంటే, మా వైపు వాళ్ళకి అది కుదరదు. ఖమ్మం నుంచి భద్రాచలం మీదుగా దుమ్ముగూడెం, చర్ల దాకా వెళ్ళండి. ఆ అడవి అంచున కోయ భాష వినిపిస్తుంది. 2011 జనాభా లెక్కల్లో నాలుగు లక్షల పైచిలుకు మంది దాన్ని తమ భాషగా చెప్పుకున్నారు. గొమ్ము కోయల మాటకి అమెరికా పండితుడు స్టీఫెన్ టైలర్ రాసిన వ్యాకరణం 1969లోనే అచ్చయింది. మన కథల్లో, సినిమాల్లో కోయదొర మాత్రం వచ్చీరాని తెలుగులో సోది చెబుతూనే ఉంటాడు. లేని కాలకేయులకి వ్యాకరణం దొరికింది, ఉన్న కోయలకి దక్కలేదు!

కోయలో ‘ఏర్’ అంటే నీళ్ళు. మనకు ఏరంటే పారే వాగు. మన వాగూ వాళ్ళ కడవలో నీళ్ళూ ఒకే మాటలో చుట్టాలన్నమాట. కొత్త లోకం కట్టదలచిన రచయిత్రికి ఇంతకంటే మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది? మన తెలుగునే చూడండి. ‘ఆవు వచ్చింది, కోడలు వచ్చింది’ అని ఇద్దరికీ ఒకే క్రియ. పదిమంది కోడళ్ళు కలిసొస్తేనే ‘వచ్చారు’ అంటాం. ఎవరికి ఎంత మర్యాదో వ్యాకరణమే చెప్పేస్తుంది. భాషను కల్పించేవాళ్ళు ముందుగా తేల్చుకోవలసింది ఇదే.

పోలవరం ముంపు కారణంగా 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన మండలాల్లో కోయపల్లెలు ఎన్నో ఉన్నాయి. ఊళ్ళు కదిలిపోతే ఆ వాగుల పేర్లు, చెట్ల పేర్లు ఎవరి నోట నిలుస్తాయి? అడవి మనిషి నోట అర్థంలేని కూతలు పెట్టే రచయితలు ఒక్కసారి ఆ ఒడ్డున కూర్చుని వింటే బాగుండును.

కలం పట్టే అమ్మాయిలకి ఒక మాట. మీ నిఘంటువు కత్తి, గొడ్డలి దగ్గర మొదలుపెట్టకండి. అమ్మ, కూడు, నీళ్ళు, నిద్ర ముందు రాయండి. కాలకేయుణ్ణి కూడా ఎవరో ఒక తల్లి ఉయ్యాలలో వేసి ఊపే ఉంటుంది కదా!