నీళ్ల పనిలో గాలి లెక్క

జన్వాడ వైపు నేల వాలును నమ్ముకునే హైదరాబాద్ తరతరాలుగా నీళ్లు తాగింది. జన్వాడ ఊరి మీదుగా సాగే ఫిరంగి నాలాను బుల్కాపూర్ దిక్కు నుంచి హుస్సేన్‌సాగర్‌కు నీరు చేర్చడానికి తవ్వారు. 1908 మూసీ వరద నగరాన్ని ముంచాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మీద కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. జనం నోట అది గండిపేట. అక్కడి నీళ్లు మోటరు సాయం లేకుండా, వాలు మీదనే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేలా కాలువ కట్టారు.

ఆ చెరువుకు ఎగువన ఇప్పుడు ఇళ్లు లేచాయి, తోటల మధ్య ఫాంహౌసులు లేచాయి. వాటిలో పైపులు వేసే మనిషి చేసేది కూడా ఆ వాలు లెక్కే, కాకపోతే అర అంగుళం, ముప్పావు అంగుళం పైపుల్లో. అతని పనిని దగ్గర నిలబడి చూస్తే ఒక సంగతి తెలిసొస్తుంది. మంచి ప్లంబర్ నీటి కన్నా గాలి గురించి ఎక్కువ ఆలోచిస్తాడు. నీళ్లెటు పోతాయో అందరికీ తెలుసు, కిందికి పోతాయి. గాలి ఎక్కడ ఇరుక్కుంటుందో, ఎక్కడ దారి అడుగుతుందో తెలిసినవాడే పనివాడు. ఇంట్లో మనల్ని విసిగించే నల్లా తిప్పలు చాలావరకు గాలి ఉండకూడని చోట ఉన్నందుకో, ఉండాల్సిన చోట లేనందుకో వస్తాయి.

మేడ మీద

ట్యాంకు నుంచి దిగే పైపు దగ్గర మొదలుపెడదాం. గేట్ వాల్వు దాటాక ఒక టీ వేసి, అక్కడి నుంచి సన్నటి పైపును ట్యాంకు కన్నా ఎత్తుకు లేపి, కొసను కిందికి వంచి వదిలేస్తారు. చాలామంది ఇంటివాళ్లు దాన్ని చూసి ఇదెందుకు దండగ అంటారు. ఎయిర్ పైపు అది. ట్యాంకు కడగడానికి వాల్వు కట్టేసినప్పుడు పైపులు ఖాళీ అవుతాయి, లోపల గాలి నిండుతుంది. మళ్లీ వాల్వు తిప్పితే ఆ గాలి బయటికి పోవడానికి దారి కావాలి. దారి లేకపోతే అది పైపులో ఎత్తుగా ఉన్న వంపులో కూర్చుంటుంది. ట్యాంకు నిండుగా ఉంటుంది, నల్లాలో చుక్క రాదు. ఇంటివాళ్లు మోటరును తిడతారు, ట్యాంకును తిడతారు. తప్పు ఆ పైకి లేచిన వంపుది.

అందుకే నేర్పరి పైపును ఒకే వాటంగా దించుకొస్తాడు. పిట్టగోడ దాటించడానికో, కిటికీ తప్పించడానికో మధ్యలో పైకి లేపి మళ్లీ దించడు. తప్పనిసరైతే ఆ ఎత్తు మీద గాలి పోయే మార్గం పెడతాడు. గాలి పట్టేసిన పైపును విడిపించడానికి అన్నిటికన్నా కిందనున్న నల్లాలన్నీ పూర్తిగా తిప్పి వదలాలి. అప్పటికీ రాకపోతే ఒత్తిడి ఉన్న మరో నల్లా నుంచి రబ్బరు పైపు తగిలించి కింది నుంచి నీళ్లు ఎదురెక్కించాలి. గాలి వచ్చిన దారినే పైకి పోతుంది.

పై అంతస్తు షవర్ సన్నగా రావడం మరో ఫిర్యాదు. పది మీటర్ల ఎత్తు నీరు దాదాపు ఒక బార్ ఒత్తిడి ఇస్తుంది. ట్యాంకు అడుగు షవర్ కన్నా రెండు మీటర్లే పైన ఉంటే వచ్చేది అందులో అయిదో వంతు. ఖరీదైన షవర్ కొన్నంత మాత్రాన ఈ లెక్క మారదు. ట్యాంకును దిమ్మె మీదికి ఎత్తాలి, దిగే పైపు లావు పెంచాలి, మలుపులు తగ్గించాలి, లేదా ప్రెషర్ పంపు పెట్టాలి. పంపు పెడితే దాని తర్వాత తెరిచిన ఎయిర్ పైపు ఉండకూడదు, ఉంటే మేడ మీద ఫౌంటెన్ ఆడుతుంది. పంపు పెట్టేముందు మెట్లెక్కి ఆ పైపును చూసి వచ్చేవాడికి పని తెలుసని చెప్పొచ్చు.

సంపు దగ్గర

ఇక్కడి ఇళ్లలో బోరు నీళ్లు సంపులో పడతాయి, సంపు నుంచి మోటరు మేడ మీదికి ఎక్కిస్తుంది. మోటరు తిరుగుతున్నా నీళ్లెక్కకపోతే మొదట అనుమానించాల్సింది సంపు లోపలి ఫుట్ వాల్వును. దాని పలకలో చిన్న రాయి, ఇంత నాచు ఇరుక్కున్నా పైపులో నిలబడాల్సిన నీళ్లు సంపులోకి జారిపోతాయి, ఆ చోటును గాలి ఆక్రమిస్తుంది. మోటరు గాలిని తోడలేదు. నీళ్లు పోసి ప్రైమింగ్ చేస్తే ఆ పూటకు నడుస్తుంది. మర్నాడు మళ్లీ అదే కథ అయితే ఫుట్ వాల్వు తీసి కడగాలి, లేదా మార్చాలి. నీళ్లు లాగే పైపులో ఎక్కడైనా వెంట్రుక వాసి సందు ఉన్నా ఇదే జబ్బు. అక్కడ నీళ్లు బయటికి కారవు, గాలి లోపలికి పోతుంది, కాబట్టి కంటికి కనిపించదు. అనుభవం ఉన్నవాడు అతుకుల చుట్టూ సబ్బు నురగ రాసి చూస్తాడు. నురగ లోపలికి పీలుచుకున్న చోటే సందు.

ఎండాకాలంలో బోరు నీటిమట్టం పడిపోతే కూడా గాలే ముందు కబురు చెబుతుంది. పైపు బుసకొడుతుంది, నీళ్లు తెల్లగా, తుంపులు తుంపులుగా పడతాయి. అప్పుడు మోటరు ఆపి నీరు ఊరనివ్వాలి. నీళ్లు లేకుండా తిరిగితే మోటరు వేడెక్కి కాలిపోతుంది. నీళ్లు తగ్గగానే దానంతటదే ఆగే డ్రై రన్ ఏర్పాటు స్టార్టర్‌లో పెట్టించుకుంటే రీవైండింగ్ ఖర్చు తప్పుతుంది.

అతుకు

చేతి నైపుణ్యమంతా అతుకు దగ్గర బయటపడుతుంది. పాతకాలపు జీఐ పైపు మరలకు జనపనార చుట్టి, సఫేదా పూసి, పైపు రెంచితో బిగించేవారు. తడిస్తే నార ఉబ్బి సందు మూసేది. ఇప్పుడు టెఫ్లాన్ టేపు. మర కొసను మన వైపు తిప్పి పట్టుకుంటే, గడియారం ముల్లు తిరిగే దిక్కునే టేపు చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి ముందుకు పోగవుతుంది. మొదటి మరను ఖాళీగా వదిలి, టేపును లాగి పట్టి, మరల గాళ్లలోకి దిగేలా చుట్టే చేయి పాతకాపుది. ఎక్కువ చుడితే ఎక్కువ గట్టి అనుకునేవాడు ప్లాస్టిక్ ఫిట్టింగును చీలుస్తాడు. చీలిక ఆ రోజు కనపడదు, ఆర్నెల్ల తర్వాత గోడ చెమ్మగిల్లినప్పుడు కనపడుతుంది. నల్లా బిగించే చోట లోపల ఇత్తడి మర ఉన్న ఎల్బో వాడమని తెలిసినవాళ్లు పట్టుబట్టేది అందుకే.

సీపీవీసీ పైపులకు వాడే సాల్వెంట్‌ను మనం జిగురు అంటాం. అది అతికించదు, పైపు పైపొరను, ఫిట్టింగు లోపొరను కరిగించి రెంటినీ ఒకటి చేస్తుంది. కాబట్టి పైపు వంకర లేకుండా అడ్డంగా తెగాలి, అంచు పొట్టు గీరాలి, తడి, దుమ్ము తుడవాలి. ఎంత లోతు దిగాలో పెన్సిలుతో గుర్తు పెట్టాలి. రెండు వైపులా పల్చగా రాసి, దూర్చి, పావు చుట్టు తిప్పి, కాసేపు గట్టిగా పట్టుకోవాలి. వదిలేస్తే పైపు కొద్దిగా వెనక్కి జారుతుంది, ఆ జారుడే రేపటి లీకు. పని చూడటం తెలిసినవాళ్లు ఇక్కడ వేగాన్ని చూడరు, పట్టుకున్న ఆ కాసేపటి ఓపికను చూస్తారు. అతుకు ఆరకముందే నీళ్లు వదలమని తొందరపెట్టే ఇంటి యజమాని సగం లీకులకు తనే కారణం.

వేడి నీళ్ల పైపుకు మరో లెక్క ఉంది. పది మీటర్ల సీపీవీసీ పైపు 40 డిగ్రీలు వేడెక్కితే రెండు సెంటీమీటర్లకు పైగా సాగుతుంది. దాన్ని గోడలో సిమెంటుతో బిగించేస్తే అతుకుల మీద భారం పడుతుంది. మలుపు దగ్గర కాస్త కదిలే సందు ఉంచాలి. మేడ మీద ఎండలో పడి ఉండే ప్లాస్టిక్ పైపుకు తెల్ల రంగు వేయించాలి, లేకపోతే ఎండకు పెళుసెక్కి ఎవరి కాలు తగిలినా విరుగుతుంది.

ఉప్పు

ఈ ప్రాంతపు బోర్లు రాతి పొరల పగుళ్ల నుంచి నీళ్లు తోడతాయి. ఆ నీటిలో సున్నం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. తాగే నీటికి భారతీయ ప్రమాణం ప్రకారం కఠినత లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. ఇంటి బోరు నీళ్లు ఒకసారి పరీక్ష చేయించుకుంటే ఏ పరికరం కొనాలో, ఏది దండగో తేలుతుంది.

నీళ్లు వేడెక్కగానే కరిగిన సున్నం విడిపోయి గట్టి పొరగా పేరుకుంటుంది. అందుకే గీజర్ మొదట దెబ్బతింటుంది. కాయిల్ మీద పొర పెరిగేకొద్దీ కరెంటు బిల్లు పెరుగుతుంది, వేడి తగ్గుతుంది. ఏడాదికోసారి విప్పించి శుభ్రం చేయించాలి, లోపలి మెగ్నీషియం కడ్డీ అరిగిపోతే మార్పించాలి. తొట్టి తుప్పు పట్టకుండా తాను కరిగి కాపాడేది ఆ కడ్డీయే. నీళ్లు కాగేటప్పుడు సేఫ్టీ వాల్వు నుంచి నాలుగు చుక్కలు పడితే అది జబ్బు కాదు, వాల్వు తన పని చేస్తోందని అర్థం. దాన్ని ఎన్నడూ మూయించకూడదు.

షవర్ రంధ్రాలు మూసుకుపోతే విప్పి నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెడితే చాలు. బాత్రూం యాసిడ్ పోస్తే మెరుపు పూత పోయి లోపలి లోహం తేలుతుంది. నల్లా కారుతుంటే దాన్ని ఇంకా బలంగా తిప్పడం మన అలవాటు. దాంతో లోపలి వాషర్ నలిగి మరింత కారుతుంది. వాల్వు కట్టేసి, స్పిండిల్ విప్పి, వాషర్ మారిస్తే చిన్న ఖర్చుతో పోతుంది. సెకనుకో చుక్క అంటే రోజుకు 86,400 చుక్కలు. రాత్రి కింద బకెట్ పెట్టి, తెల్లారి చూస్తే ఆ అంకెకు అర్థం తెలుస్తుంది. ఫ్లష్ ట్యాంకు లోలోపల కారుతోందేమోనని అనుమానం ఉంటే అందులో ఇంత రంగు కలిపి, వాడకుండా అరగంట ఆగండి. కమోడ్‌లో రంగు కనిపిస్తే అడుగు రబ్బరు మార్చాల్సిందే.

బండ కింద

బాత్రూం నేలలో ఉండే నాని ట్రాప్‌లో ఎప్పుడూ కాస్త నీరు నిలిచి ఉంటుంది. మురుగు గాలి ఇంట్లోకి రాకుండా ఆపే తలుపు ఆ నీరే. వంపు తిప్పిన గొట్టంలో నీరు నిలిపి వాసనను ఆపే ఈ ఉపాయానికి 1775లో పేటెంట్ తీసుకున్న అలెగ్జాండర్ కమింగ్ స్కాట్లండ్‌లో పుట్టిన గడియారాల పనివాడు. నేటికీ అంతకు మించిన తలుపు లేదు. ఆ నీటి లోతు అయిదు సెంటీమీటర్లకు తగ్గకూడదని మన దగ్గరి పద్ధతి.

జన్వాడ ఫాంహౌసుల సొంత జబ్బు ఇక్కడే ఉంది. వారానికోసారి వచ్చేవాళ్లు తలుపు తీయగానే ముక్కు మూసుకుంటారు. సెప్టిక్ ట్యాంకు నిండిందనుకొని లారీని పిలుస్తారు. నిజానికి వాడని బాత్రూముల్లో ట్రాప్ నీళ్లు ఆవిరైపోయి ఉంటాయి, బొద్దింకలకు కూడా అదే దారి. మందు ఒక చెంబెడు నీళ్లు. ఎక్కువ రోజులు తాళం వేసి వెళ్తుంటే ఆ నీటి మీద రెండు చెంచాల వంటనూనె పోస్తే త్వరగా ఆవిరి కాదు.

ఇల్లు రోజూ వాడుతున్నా వాసన వస్తే, పైన ఫ్లష్ చేసినప్పుడు కింది ట్రాప్ గుడగుడమంటోందేమో వినండి. పైనుంచి ఒక్కసారిగా పడే నీళ్లు తమ వెనక గాలిని లాగుతాయి. ఆ గాలి దొరక్కపోతే ట్రాప్‌లోని నీటిని లాక్కుపోతాయి. మురుగు పైపును మేడ దాటించి పైకి లేపి తెరిచి వదిలితే గాలి అక్కడి నుంచి వస్తుంది. ఎయిర్ పైపు దగ్గర చెప్పుకున్న లెక్కే ఇదీ.

నాలుగంగుళాల మురుగు పైపుకు మీటరుకు రెండున్నర సెంటీమీటర్ల వాలు కావాలి. దాన్ని పట్టడానికి పాత మేస్త్రీలు వాడేది నీళ్లు నింపిన పారదర్శకమైన లెవల్ పైపు. రెండు కొసల్లో నీరు ఒకే మట్టాన నిలబడుతుంది, అక్కడి నుంచి టేపుతో కొలుస్తారు. నీటి దారి వేయడానికి నీటినే కొలబద్ద చేసుకునే ఆ పనిని చూస్తూ నిలబడొచ్చు. మలుపు దగ్గర నిలువు ఎల్బోకు బదులు రెండు సగం మలుపులు పెట్టడం, ప్రతి మలుపు దగ్గర మూత విప్పే చాంబర్ వదలడం అదే పనితనంలో భాగం. అలాంటి ఇంట్లో పైపు అడ్డుపడినా బండలు పగలగొట్టే పని ఉండదు, మూత విప్పి స్ప్రింగ్ తోస్తే సరిపోతుంది. అడ్డుపడ్డ ప్రతిసారీ యాసిడ్ పోస్తే సెప్టిక్ ట్యాంకులో మురుగును అరిగించే సూక్ష్మజీవులు చస్తాయి.

ఇక్కడ ఆ నష్టం ఒక్క ఇంటితో ఆగదు. 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల కోసం 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టింది. ఆ జాబితాలో జన్వాడ ఉంది. ఎగువన పగిలిన మురుగు పైపు, బోరు పక్కనే తవ్విన ఇంకుడు గొయ్యి ముందు మన బోరును పాడు చేస్తాయి, ఆ తర్వాత దిగువవాళ్ల నీటిని.

ముందే పిలవండి

మనం ప్లంబర్‌ను గోడ తడిశాక పిలుస్తాం, బండ పగలగొట్టే కూలి చెల్లించి అతన్నే తిడతాం. ఇల్లు కట్టేవాళ్లకు చెప్పేది ఒకటే, టైల్స్ వేయకముందే అతనితో కూర్చోండి. ఎయిర్ పైపు ఎక్కడ, మురుగు పైపు గాలి ఎటు పోతుంది, చాంబర్లు ఎక్కడ అని అడగండి. గోడ మూసేముందు పైపుల కొసలు బిగించి, చేతి పంపుతో ఒత్తిడి ఎక్కించి, గేజు ముల్లు కదలకుండా నిలబడేదాకా ఆగండి. పైపులు కనపడేలా ప్రతి గోడకూ ఫొటో తీసి దాచుకోండి. ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పి, ఒత్తిడి పరీక్షకు తనే తొందరపెట్టే మనిషి దొరికితే రేటు దగ్గర బేరం ఆడకండి. అతను తీసుకునే కూలి, ఒక్కసారి బాత్రూం బండలు పగలగొట్టి మళ్లీ వేయించే ఖర్చు కన్నా ఎప్పుడూ తక్కువే.