బోరే వేరు, బాసీ వేరు

నిరుడు ఎండాకాలం ఓ మధ్యాహ్నం పక్కింటి కాకీ నాకు కంచు గిన్నెలో నీళ్లన్నం పెట్టింది. ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, పక్కన కాస్త ఎర్ర తోటకూర వేపుడు. రాయ్‌పూర్ ఎండకి నాలుక పిడచకట్టుకుపోయి ఉందేమో, గిన్నె ఎత్తి తాగేసి "బాసీ ఎంత బాగుందో కాకీ" అన్నాను. ఆవిడ మొహం ముడుచుకుంది. "ఏ హర్ బోరే ఆయ్ నోనీ, బాసీ నోహయ్!" ఇది బోరే తల్లీ, బాసీ కాదు.

పొద్దున వండిన అన్నాన్ని ఆ పూటే నీళ్లలో వేస్తే బోరే. రాత్రంతా నానితే బాసీ. బాసీ అంటే ఆవిడకు చిన్నచూపేమీ లేదు, రోజూ తినేది అదే. కానీ పిలిచి పీట వేసినదానికి నిన్నటి అన్నం పెట్టానని ఎలా అనుకున్నావన్నది ఆవిడ బాధ.

ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ రెంటినీ "మన చద్దన్నమే కదా" అని ఒకే గాటన కట్టేశాను. తప్పంతా నాది కూడా కాదు. 2022 మే డే నాడు శ్రమజీవుల గౌరవార్థం బోరే బాసీ తినమని అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పిలుపునిచ్చారు. కలెక్టర్ల నుంచి మంత్రుల దాకా గిన్నెలు పట్టుకుని ఫొటోలు దిగారు. అప్పట్నుంచీ నా చెవికి ఆ రెండూ జంటపదమైపోయాయి, కూరానారా అన్నట్టు. మధ్యలో ఒక రాత్రి ఉందన్న సంగతి కాకీ చెబితే గానీ తెలియలేదు.

మన దగ్గర మాత్రం ఈ తేడాలు లేవా? పోతన భాగవతంలో కృష్ణుడు గోపబాలురతో కలిసి తిన్నది చల్ది. ఆ మాటే మన నోట చద్ది అయింది. విజయనగరంలో అమ్మమ్మ ఇంట చద్ది వేరు, తరవాణి వేరు. వంటింటి మూల తరవాణి కుండ ఉండేది. రోజూ గంజీ కడుగూ అందులోనే పోసేవారు. కుండ ఖాళీ చేయరు, పులుపు తెగనివ్వరు. చద్దికి ఒక రాత్రి చాలు, తరవాణికి రోజులు కావాలి. దేశాలు దాటి వెళ్తే స్కాట్లాండు పల్లెల్లో ఓట్స్ పొట్టును రోజుల తరబడి నీళ్లలో పులియబెట్టి, ఆ తేటనీ అడుగునీ వాడుకునేవారు. దాని పేరు సోవెన్స్. అది కూడా పేదింటి మూల కుండే. ఇప్పుడు అక్కడా అరుదే, ఇక్కడా అరుదే.

శాస్త్రి మార్కెట్‌లో నాకు మొదటి ఏడాదంతా పేర్లతోనే యుద్ధం. గోంగూర కోసం తిరిగి తిరిగి, చివరికి ఒకామె గంపలో అమారీ భాజీ అన్న కట్ట చూసి ఆకు కొరికాను. అదే! తెలంగాణలో పుంటికూర, మరాఠీలో అంబాడీ, ఇక్కడ అమారీ. మునగాకు మాత్రం నన్ను ఏడిపించలేదు, వీళ్లకది ముంగా భాజీ. సంక్రాంతి అరిసె కూడా అంతే. బియ్యప్పిండి, బెల్లప్పాకం, పొయ్యి మీద మూకుడు, ఇక్కడి పేరు అయిర్సా. అలాంటివి దొరికినప్పుడు బంధువు ఎదురైనట్టుంటుంది.

చిక్కల్లా ఒకే పేరు రెండింటికి ఉన్నప్పుడే. మా ఉత్తరాంధ్రలో ఆనపకాయంటే సొరకాయ, తెలంగాణలోనూ అంతే. చిత్తూరు వైపు వెళ్లి అనపకాయలంటే చిక్కుడు జాతి కాయలిస్తారు, గింజ ఒలిచి పులుసు పెట్టుకోమంటారు. స్కాట్లాండువాళ్లకూ ఈ బాధ ఉంది. వాళ్లు హాగిస్ అనే వంటకంతో తినే నీప్స్, అంటే టర్నిప్, ఇంగ్లండు కూరల కొట్లో అడిగితే తెల్లటి చిన్న దుంప చేతిలో పెడతారు. స్కాట్లాండువాళ్లకు కావలసింది లోపల పసుపుగా ఉండే పెద్ద దుంప, దాన్ని ఇంగ్లండులో స్వీడ్ అంటారు. ఎవరిది తప్పు? ఎవరి పొలంలో వాళ్లది ఒప్పే.

ఇక తాగేవాటి సంగతి. విస్కీ అన్న మాట స్కాట్లాండు గేలిక్ భాషలోని ఉష్క బాహా నుంచి వచ్చింది, అర్థం జీవజలం. 1494 నాటి అక్కడి రాజుగారి లెక్కల పుస్తకంలో ఒక సన్యాసికి ఆ జీవజలం చేయడానికి ఎనిమిది బోల్‌ల మాల్ట్ ఇచ్చినట్టు రాసుంది. బోల్ అన్నది వాళ్ల ధాన్యపు కొలత. బస్తర్‌లో ఇప్పపువ్వు సారాను మంద్ అంటారు. మనం మందు అంటాం. ఆ రెండూ చుట్టాలో కావో నేను తేల్చలేను గానీ, తాగుడుకి స్కాట్లాండులోనూ మన దగ్గరా ఇంత ఆరోగ్యకరమైన పేరు పెట్టుకోవడం చూస్తే నవ్వొస్తుంది. బస్తర్ సల్ఫీ మన ఏజెన్సీలో జీలుగు కల్లు. గోండులు గోర్గా అంటారు. చెట్టొకటే, అడవీ ఒకటే.

నాకు ఒళ్లు మండేది అనువాదాలతో. ఘాసీదాస్ మ్యూజియం ఆవరణలో 2016లో తెరిచిన గఢ్ కలేవా అనే ఛత్తీస్‌గఢీ తిండిశాలలో చీలా చీలాయే. అదే ఊళ్లో ఒక పెద్ద హోటల్ మెనూలో దాన్ని రైస్ దోసె అని రాశారు. మినప్పప్పు లేదు, పులియబెట్టడం లేదు, దోసె ఎలా అవుతుంది? బియ్యప్పిండి కలిపిన వెంటనే పోసే అట్టు అంటే ఒప్పుకుంటాను. అదీ సగమే.

మొన్న వేసవిలో పట్టుదలగా ఒక మట్టికుండ కొని నేనే తరవాణి పెట్టాను. అయిదో రోజుకి అమ్మమ్మ వంటింటి వాసన వచ్చింది. ఒక గ్లాసు కాకీకి పట్టుకెళ్లాను. తాగి, కళ్లు మూసుకుని, "కతేక్ దిన్ కే?" అని అడిగింది. అయిదు రోజులన్నాను. "త బాసీ ఘలో నోహయ్" అంది, ఇది బాసీ కూడా కాదని. ఏమంటారు దీన్ని అంది. తరవాణి అని చెప్పాను.

"తర్‌పానీ!" అంది సంబరంగా. తర్ అంటే తడి, పానీ అంటే నీళ్లు, ఆవిడ లెక్కలో అంతా సరిపోయింది. ఆదివారానికల్లా వీధి చివర కోడలొకామె గిన్నె పట్టుకుని వచ్చి తర్‌పానీ ఉందా దీదీ అని అడిగింది. ఉందన్నాను.