ఆకలి చెవులు

ఈ వారం ఒక పుస్తకం నన్ను గుమ్మం దగ్గరే నిలబెట్టేసింది. మేనల్లుడు సూట్‌కేసులో రెండు జీడిపప్పు పొట్లాల చోటు త్యాగం చేసి అమెరికా నుంచి మోసుకొచ్చిన పుస్తకం. ఉపోద్ఘాతం చివరికి వచ్చేసరికి రచయిత మర్యాదగానే చెప్పాడు: మీరు ఆదివాసులు కాకపోతే ఈ పేజీతో ఆగండి, రాబోయే కొన్ని పేజీలు మావాళ్ల కోసం, మళ్లీ తర్వాతి అధ్యాయంలో కలుద్దాం అని.

నాకు ఒళ్లు మండింది. తాళం వేసిన తలుపులంటే నాకు పడదని ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. పాటను బీరువాలో దాచకండి అని నేనెన్నిసార్లు రాశానో నాకంటే మా సబ్ఎడిటర్‌కే బాగా గుర్తు. ఇంట్లో పాత క్యాసెట్లుంటే పంపమని అడిగినప్పుడు మీరు పంపినవి రెండు అట్టపెట్టెల నిండా నా మంచం కిందే ఉన్నాయి. అలాంటి నన్ను పట్టుకుని చదవొద్దంటాడా? పుస్తకం మూసేసి టీ పెట్టుకున్నాను.

రచయిత డిలన్ రాబిన్సన్. కెనడా పడమటి కొసన, బ్రిటిష్ కొలంబియాలో, ఫ్రేజర్ నది పొడుగునా బతికే స్టోలో ప్రజల మనిషి. స్టోలో అంటే నది అనే అర్థం. తను కళాకారుడు, ప్రదర్శనలు కూర్చే క్యురేటర్, సంగీత పండితుడు. మొదట కింగ్‌స్టన్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో ఆదివాసీ కళల పరిశోధన పీఠం, తర్వాత వాంకూవర్‌లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం. 2020లో వచ్చిన ఈ పుస్తకం పేరుని మన మాటల్లో చెప్పుకుంటే ‘ఆకలిగా వినడం’.

ఆ ఆకలికి ఒక కథ ఉంది. 1858లో ఫ్రేజర్ లోయలో బంగారం దొరికిందని తెలిసి వేలమంది తెల్లవాళ్లు ఎగబడ్డారు. చాలామంది తిండి లేక డొక్కలు మాడి వచ్చారు. స్టోలో వాళ్లు వాళ్లను తమ భాషలో ‘ఆకలిగొన్నవాళ్లు’ అన్నారు. నూట అరవై ఏళ్లు దాటినా వలస వచ్చిన తెల్లవాళ్లకు అక్కడ అదే పేరు. బంగారంతో మొదలైన ఆకలి అడవి మీదికి, చేపల మీదికి, చివరికి పాటల మీదికి పాకిందంటాడు రాబిన్సన్. పాట వినగానే ఇది ఏ జాతిది, ఏ వరస, నాకెందుకు పనికొస్తుంది అని చెయ్యి చాచే చెవి ఆకలి చెవి.

క్యురేటర్ అనగానే నాకు మ్యూజియంలో తాళంచెవుల గుత్తి పట్టుకున్న మనిషి కనపడతాడు. ఇతను చేసింది వేరు. 2019లో కాండిస్ హాప్‌కిన్స్ అనే మరో ఆదివాసీ క్యురేటర్‌తో కలిసి కింగ్‌స్టన్‌లో ‘సౌండింగ్స్’ ప్రదర్శన పెట్టాడు. అక్కడ ఉంచినవన్నీ స్వరలిపులే, అంటే సంగీతకారులో నర్తకులో ఒక్కోసారి చూడొచ్చిన జనమో చదివి పలికించాల్సినవి. వాటిలో కొన్ని గీతలు, కొన్ని వీడియోలు, కొన్ని వస్తువులు. పూసల అల్లిక కూడా స్వరలిపే. పూసలు చదివి పాడటం! ఇది చదివాక మా అమ్మమ్మ అల్లిన గుమ్మం తోరణాన్ని కాసేపు తలెత్తి చూశాను. ప్రదర్శన ఊరు మారినకొద్దీ కొత్తవి వచ్చి చేరుతూ పోయాయట.

అసలు నన్ను పట్టి కుదిపింది వేరే కథ. 1967లో కెనడా శతవార్షికం కోసం హ్యారీ సోమర్స్ అనే స్వరకర్త ‘లూయీ రియెల్’ అనే ఆపెరా రాశాడు. రియెల్ మేటీ అనే ఆదివాసీ ప్రజల నాయకుడు, ప్రభుత్వం ఉరితీసిన మనిషి. మూడో అంకంలో అతని భార్య బిడ్డను జోకొడుతూ పాడుతుంది. మాటలు క్రీ అనే ఆదివాసీ భాషవి. వరస మాత్రం 1927లో మారియుస్ బార్బో, ఎర్నెస్ట్ మెక్‌మిలన్ అనే ఇద్దరు నాస్ నది ఒడ్డున రికార్డు చేసి తెచ్చిన నిస్గా ఆదివాసుల పాటది. అది ఒక నాయకుడి చావుకు పాడే శోకం. నిస్గా చట్టం ప్రకారం దాన్ని హక్కున్న కుటుంబం వాళ్లే, తగిన వేళలోనే పాడాలి. వేళ తప్పితే నేరం, పాడినవాళ్లకూ విన్నవాళ్లకూ కీడు. ఆ శోకం యాభై ఏళ్ల పాటు జోలపాటగా చప్పట్లు కొట్టించుకుంది. 2017లో ఆపెరాను మళ్లీ ఆడినప్పుడు దీని మీద గట్టిగా మాట్లాడినవాళ్లలో రాబిన్సన్ ఒకడు. తర్వాత మేటీ స్వరకర్త ఇయాన్ కస్సన్‌తో ఆ చోటికి కొత్త పాట కట్టించారు.

ఇక్కడి దాకా చదివి, నాకు చేతనైన వాదన మొదలెట్టాను. 1885 నుంచి 1951 దాకా కెనడాలో ఆదివాసులు పాటలు పాడుకునే పాట్‌లాచ్ వేడుకే నేరం. పాట పాడే చోటునే చట్టం మూసేసిన రోజుల్లో బార్బో, మెక్‌మిలన్ రికార్డు చేయకపోతే ఏం మిగిలేది? మా పత్రికకు రాద్దామని కలం కూడా తీశాను. అప్పుడు గుర్తొచ్చింది మా మేనత్త.

అది 84వ సంవత్సరం. నాకు కొత్త ఉద్యోగం, కొత్త టేప్‌రికార్డర్. నల్లగొండ పక్కన మా ఊళ్లో వెనకింటాయన పోయాడు. ఆయన భార్య రాగం తీసి శోకం పెడుతుంటే నేను ప్రహరీ గోడ మీద టేపు పెట్టి మీట నొక్కాను. గంటంపావు. ఏ యతి ప్రాసల పుస్తకంలోనూ అంత కవిత్వం చూడలేదు. ఎద్దు పేరు పెట్టి ఏడ్చింది, తీరని అప్పు చెప్పి ఏడ్చింది, ఆయన కొట్టిన దెబ్బ చెప్పి మరీ ఏడ్చింది. నేను పదకొండు పేజీలు ఎత్తి రాసి ఒక పత్రికకు పంపాను. వేశారు, మెచ్చుకున్నారు. వ్యాసం కింద నా పేరుంది.

ఆ వేసవిలో మా చిన్నాన్న కూతురి పెళ్లి. పందిట్లో పదిమందికీ గొప్పగా వినిపిద్దామని ఆ క్యాసెట్ పెట్టాను. రెండు గుక్కలు కూడా నడవలేదు. మా మేనత్త పసుపు చేతులతోనే ఉరికొచ్చి టేపు నోరు నొక్కింది. “పెండ్లింట్ల పీనుగు పాట పెడ్తవారా? గామె నిన్ను పెట్టుమన్నదా?” అంది. చదువు రాని మనిషి, ఛాదస్తం అనుకున్నాను. నలభై ఏళ్లు అలాగే అనుకున్నాను.

మా అత్త అడిగింది నిస్గా వాళ్లు అడిగిందే. అంతెందుకు, మన పటం కథలు చూడండి. మాదిగలకు జాంబపురాణం డక్కలివాళ్లే చెప్పాలి, పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులివాళ్లే చెప్పాలి. ఏ ఊరు ఏ కుటుంబానిదో కూడా వాళ్లలో వాళ్లు పంచుకునే ఉంటారు. ఒకరి ఊళ్లో ఇంకొకరు పటం విప్పితే పంచాయితీ. ఇన్నాళ్లూ నేను దీన్ని జానపద విశేషంగా రాసుకున్నానే తప్ప చట్టంగా ఒప్పుకోలేదు.

రికార్డు చేయడం తప్పని ఇప్పటికీ అనను. ఆ గొంతు క్యాసెట్‌లో మిగిలినందుకు సంతోషమే. కానీ అది గోడ అవతలి మనిషిది. మొన్న ఆదివారం ఆమె మనవడి ఫోన్ నంబరు సంపాదించి మాట్లాడాను. నాయనమ్మ గొంతు మా ఇంట్లో ఎవరి దగ్గరా లేదు సార్ అన్నాడు. ఎప్పుడు వినాలో వాళ్లే చూసుకుంటారు. క్యాసెట్ కొరియర్‌లో వెళ్లింది.

రాబిన్సన్ వద్దన్న పేజీలు నేను చదవలేదు. తర్వాతి అధ్యాయంలో కలిశాం.

మీకొక మనవి. మీరు పంపిన రెండు పెట్టెల్లోంచి శోకాలున్న క్యాసెట్లు వేరు చేసి పెట్టాను, పంతొమ్మిది ఉన్నాయి. ఎవరివి వాళ్లకు తిరిగి పంపుతాను, పత్రిక చిరునామాకు ఒక కార్డు రాయండి. తపాలా ఖర్చు నాదే.