చక్రాన్ని ఆపే చక్కదనం

వేగాన్ని పొగిడినవాళ్లు ఎందరో. ఆగడంలోని సొగసును కళ్లకద్దుకున్నవాళ్లు అరుదు. వికారాబాద్ దగ్గరి అనంతగిరి ఘాటు దిగుతున్న ఒక పాత కారును చూడండి. పైన చెట్ల చల్లదనం, కింద మలుపు మీద మలుపు, ఎదురుగా తాండూరు నాపరాళ్ల బరువుతో రొప్పుతూ ఎక్కివచ్చే లారీ. నడిపే మనిషి కుడిపాదం పెడల్ మీద అలవోకగా ఆనుతుంది. అంతే! పరుగు మీదున్న ఇనుము మెత్తబడుతుంది. బండి ముక్కు కాస్త వంచి, మలుపులోకి మర్యాదగా ఒదుగుతుంది. ఆ మర్యాదలో సగం పేరు ముందు చక్రాలకు పోతే పోనీయండి. నా మనసెప్పుడూ వెనక చక్రాల దగ్గరే ఆగిపోతుంది. అక్కడ, ఎవరికీ కనబడని రెండు గుండ్రటి గదుల్లో, చెయ్యి తిరిగిన మెకానిక్ వదిలిపెట్టిన వెంట్రుకవాసి ఎడం ఒకటి ఉంటుంది. దాని అందం గురించే ఈ నాలుగు మాటలు.

వికారాబాద్ నుంచి బీదర్ వైపు సాగే రైలుదారిలో మర్పల్లి ఒక స్టేషన్. చుట్టూ కంది చేలు, పత్తి చేలు. ఇలాంటి మండల కేంద్రాల్లో పాత కారుకు ఇంకా పరువుంది. 1983 డిసెంబరులో పుట్టి 2014 దాకా తయారైన మారుతి 800 ఇప్పటికీ పెళ్లిళ్లకు, ఆసుపత్రికి, అంగడికి తిరుగుతూనే ఉంది. అదే 2014లో ఉత్తరపాడా ఫ్యాక్టరీ నుంచి సెలవు తీసుకున్న అంబాసిడర్ కూడా అక్కడక్కడా ఠీవిగా కనిపిస్తుంది. యంత్రవిద్య ఈ నేలకు కొత్తేమీ కాదు. ఇదే రైలుదారిలో ముందుకు పోతే జహీరాబాద్ వస్తుంది. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నిస్సాన్‌తో కలిసి లైట్ ట్రక్కులు తయారుచేసింది అక్కడే. నేడు మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నదీ అక్కడే. కంది పండే నేల మీదే పానా పట్టిన చేతులూ పండాయి.

ఇక తెర తీద్దాం. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనక జాకీ ఎత్తి, కింద స్టాండు నిలిపి, హ్యాండ్ బ్రేక్ వదిలి, చక్రం విప్పుతారు. తుప్పు రంగు బ్రేకు డ్రమ్ము బయటపడుతుంది. ఏళ్ల తరబడి హబ్బును పట్టుకుని వదలనంటుంది. చాలా డ్రమ్ములకు రెండు చిన్న మరల రంధ్రాలుంటాయి. వాటిలో బోల్టులు పెట్టి, ఇటు ఒక చుట్టు, అటు ఒక చుట్టు బిగిస్తూ పోతే, డ్రమ్ము తన మొండితనాన్ని తానే కొంచెం కొంచెంగా వదులుకుంటుంది. సుత్తితో చుట్టూ నాలుగు మెత్తని దెబ్బలు. ఒక్క 'టక్'! చేతిలోకి వచ్చేస్తుంది. ఆ క్షణంలో లోపలి బూడిదరంగు ధూళిని నోటితో ఊదేవాడు రసికుడు కాడు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఆ ధూళి ఊపిరితిత్తులకు శత్రువు. తెలిసినవాడు తడిగుడ్డతో మెల్లగా తుడుస్తాడు. తుడిచినకొద్దీ రూపం తేలుతుంది.

ఏమి రూపం! ఎదురెదురుగా రెండు నెలవంకలు, అవే బ్రేకు షూలు. పైన వాటి మధ్య వేలెడంత వీల్ సిలిండర్, కింద రెంటినీ ఆపి నిలిపే ఆధారం. ఇటునుంచి అటు గట్టిగా లాగిపట్టిన స్ప్రింగులు. అడ్డంగా ఒక సన్నని కమ్మీ, పక్కన హ్యాండ్ బ్రేక్ లివరు. ఇన్ని వస్తువులు అంత చిన్న వృత్తంలో ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా, ఒకదాని పనికి ఒకటి అడ్డురాకుండా కొలువుదీరి ఉంటాయి. డిస్కు బ్రేకు అంతా బయటే ఉంటుంది, చూసినవాడికి చూసినంత. డ్రమ్ము అలా కాదు. మూతపడితే లోపల ఏం జరుగుతోందో కంటికి అందదు. చెవితో, పాదంతో, అరచేతితో ఊహించుకోవాల్సిందే. కావ్యంలో వాచ్యం కన్నా వ్యంగ్యమే గొప్పదన్నాడు తొమ్మిదో శతాబ్దపు కశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు. ఆ మాట ఒప్పుకున్నవాళ్లకు డ్రమ్ము మీద మనసు పడకుండా ఉండదు.

ఇప్పుడు ఈ కావ్యంలోని మర్మస్థానం చూడండి. పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్ ఒత్తిడి వీల్ సిలిండర్‌లోని పిస్టన్లను బయటికి నెడుతుంది. షూలు విచ్చుకుని, తిరుగుతున్న డ్రమ్ము లోపలి గోడను తాకుతాయి. ఇంతవరకూ పాదం చేసిన పని. ఆ తర్వాత జరిగేదే అద్భుతం! బండి ముందుకు పోతుంటే, తిరిగే డ్రమ్ము ముందువైపు షూను తన వెంట ఈడ్చుకుపోవాలని చూస్తుంది. కింది ఆధారం దాన్ని పోనివ్వదు. పోలేని షూ గోడకు ఇంకా గట్టిగా అదుముకుంటుంది. అంటే చక్రం తన పరుగు బలాన్నే తనను ఆపడానికి అరువిస్తోంది! వెనకవైపు షూకు ఆ యోగం లేదు. డ్రమ్ము దాన్ని దూరంగా నెడుతుంది, అందుకే అది తక్కువ అరుగుతుంది. పాత జత విప్పి పక్కపక్కన పెడితే లైనింగు మందంలో ఆ తేడా స్పష్టంగా చదువుకోవచ్చు. బండిని రివర్సులో నడిపితే పాత్రలు తారుమారవుతాయి. వేగమే నిగ్రహంగా మారే ఈ నాటకాన్ని 1902లోనే ఫ్రాన్సులో లూయీ రెనో కార్లకు ఎక్కించాడు. ఆయిల్ ఒత్తిడితో నాలుగు చక్రాలకూ ఒక్కసారే ఆజ్ఞ పంపే పద్ధతి 1921లో అమెరికా డ్యూసెన్‌బర్గ్ కారుతో వచ్చింది. నూరేళ్లు దాటినా మూల కథ మారలేదు. మార్చవలసిన అవసరం ఎవరికీ కనబడలేదు!

పాతవాటిని తీసి కొత్తవి ఎక్కించడంలో ఒక క్రమశోభ ఉంది. తెలిసిన మిస్త్రీ రెండు వైపులా ఒక్కసారే విప్పడు. ఒకటి విప్పినప్పుడు రెండోది మూలప్రతిగా నిలుస్తుంది. ఏ స్ప్రింగు ఏ రంధ్రంలో, ఏ కొక్కెం ఏ ముఖంగా అన్న సందేహం వస్తే అటు వెళ్లి చూసి వస్తాడు. షూలు మాత్రం రెండు వైపులకూ కలిపే మారుస్తాడు, లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది. ఒకప్పుడు పాత షూల మీది లైనింగు కొట్టేసి, కొత్త లైనింగును రాగి రివిట్లతో బిగించి మళ్లీ వాడేవారు. ఆ రివిట్ల వరుస చూస్తే నగిషీ పనిలా ఉండేది. ఇప్పుడు ఎక్కువగా అతికించి వచ్చిన షూలే. డబ్బా విప్పగానే కొత్త లైనింగు వాసన, ఘాటుగా, పొడిగా, కొంచెం మట్టిలా! దాని మీద గ్రీజు వేలు పడకూడదు. పడితే ఆ మచ్చ దగ్గర పట్టు జారుతుంది. గ్రీజుకు వేరే చోటుంది. వెనక ప్లేటు మీద షూలు ఆనే చిన్న గద్దెల మీద, కాటుక పెట్టినంత.

ఆ తర్వాత స్ప్రింగు. ప్లయరుతో కొక్కెం పట్టి లాగుతున్న కుర్రాడికి ఉస్తాద్ హెచ్చరిక వినండి: "అరె, మొకం పక్కకు పెట్టు. ఇడిస్తె సీదా కంటికే కొడ్తది." కుర్రాడు తల తిప్పి, మణికట్టు బిగించి, ఇంకో రవ్వంత లాగుతాడు. కొక్కెం రంధ్రాన్ని వెతుక్కుని 'ఠప్' మని కూర్చుంటుంది. "పడ్డది ఉస్తాద్!" రెండు నెలవంకలూ ఒక్క కుదుపుతో తమ తమ చోట్లకు చేరతాయి. చెల్లాచెదరుగా ఉన్న ఇనుప ముక్కలు ఆ ఒక్క చప్పుడుతో యంత్రమైపోయాయి!

డ్రమ్ము మళ్లీ ఎక్కింది. ఇక అసలైన పరీక్ష, సెట్టింగు. షూకూ గోడకూ మధ్య సందు ఎక్కువైతే పెడల్ సగం దాకా దిగిపోయి గుండె ఝల్లుమంటుంది. తక్కువైతే చక్రం ఒరుసుకుని, వేడెక్కి, లైనింగు కాలిన కమురు వాసన వస్తుంది. మారుతి లాంటి బండ్లలో లోపలి పళ్ల కమ్మీ తానే ఆ ఎడం సర్దుకుంటుంది, పెడల్ పలుమార్లు గట్టిగా తొక్కితే చాలు. అంతకన్నా పాత పద్ధతి బండ్లలో ఆ భారం మనిషి చెవిది. అడ్జస్టరును పన్ను పన్నుగా తిప్పుతూ రెండో చేత్తో చక్రాన్ని విసిరి వదలాలి. మొదట నిశ్శబ్దంగా తిరుగుతుంది. ఇంకొంచెం తిప్పితే ఎక్కడో ఒక్కచోట 'సర్'. ఇంకొంచెం తిప్పితే 'గర్ర్'మని బిగుసుకుపోతుంది. అప్పుడు వెనక్కి, ఒక్కొక్క పన్నుగా వెనక్కి. చక్రం మళ్లీ తిరుగుతుంది. గోడ పొడవునా లైనింగు తాకీ తాకనట్టు, సన్నగా, సమంగా 'స్‌స్‌స్' అంటుంది. పెడల్ నాలుగు సార్లు తొక్కి షూలను మధ్యకు కుదిర్చి, మళ్లీ వినాలి. ఆ సవ్వడి తెగకుండా, బిగియకుండా ఒక్కతీరుగా వినిపించిందా, ఆహా! పదకొండో శతాబ్దంలో క్షేమేంద్రుడు రసానికి ప్రాణం ఔచిత్యమన్నాడు. ఏది ఎక్కడ ఎంత ఉండాలో అక్కడ అంతే ఉండటమే అందమన్నాడు. ఆ సిద్ధాంతానికి ఇంతకన్నా నిక్కమైన ఉదాహరణ నాకు దొరకలేదు. ఇక్కడ ఒక్క పన్ను ఎక్కువైతే దోషం, ఒక్క పన్ను తక్కువైతే ప్రమాదం.

సిలిండర్ విప్పినా, గొట్టం వదులు చేసినా, లైన్‌లోకి గాలి చేరుతుంది. దాన్ని తీయడం ఇద్దరి జుగల్‌బందీ. ఒకరు స్టీరింగు ముందు, ఒకరు చక్రం వెనక. "కొట్టు... కొట్టు... కొట్టు... పట్టు!" "పట్టిన ఉస్తాద్!" గాలి వదిలే నిప్పిల్ వదులవుతుంది. సన్న గొట్టంలోంచి నురగలు కక్కుతూ బ్రేకు ఆయిల్ సీసాలోకి దూకుతుంది. నిప్పిల్ బిగిసిన తర్వాతే "ఇడువు!" మళ్లీ అదే పిలుపు, అదే జవాబు. నురగ తగ్గి బుడగలవుతుంది, బుడగలు తగ్గి ఒకటీ అరా అవుతాయి. చివరికి తేనెరంగు ధార తెగకుండా జారుతుంది. ఆ ధార కనబడిన క్షణానే పాదం కింద పెడల్ గట్టిపడుతుంది! అంతవరకూ స్పాంజిలా నలిగిన పెడల్ ఇప్పుడు సూటిగా బదులు చెబుతుంది. ఇక మిగిలింది హ్యాండ్ బ్రేక్ తీగ. ఐదారు క్లిక్కుల్లో వాలు మీద బండి కదలకుండా నిలిస్తే పని పూర్తయినట్టే.

తర్వాత రోడ్డు. కొత్త లైనింగు డ్రమ్ముతో పూర్తిగా కుదురుకోవడానికి కొంత దూరం మెత్తగా నడపాలి. ఆ తర్వాత అనంతగిరి వైపు తిప్పండి. దిగుడులో పాదాన్ని పెడల్ మీదే మోపి ఉంచకండి. ఆపిన ప్రతి పరుగూ వేడిగా మారుతుంది. మూసిన గదిలో ఆ వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమవుతుంది, పెడల్ లోతుగా దిగుతుంది. రెండో గేరులో ఇంజిన్‌కే కొంత బరువు అప్పజెప్పి, మలుపు ముందు మాత్రం బ్రేకును పిలవండి. అప్పుడు చూడండి దాని సొగసు! నాలుగు చక్రాలూ ఒక్క ఊపిరితో నెమ్మదిస్తాయి. బండి అటూ ఇటూ లాగదు. ఒంటికి కుదుపు తెలియదు.

డిస్కుల కాలంలో డ్రమ్ము ముచ్చట పాతబడిపోయిందనేవాళ్లకు ఒక్క మాట. జర్మనీ ఫోక్స్‌వ్యాగన్ తన ఎలక్ట్రిక్ కారు ఐడీ ఫోర్‌కు వెనక డ్రమ్ము బ్రేకులే పెట్టింది. మోటారే చాలావరకు వేగాన్ని తగ్గించే బండిలో బ్రేకుకు పని తక్కువ, మూత ఉన్న బ్రేకుకు తుప్పు భయం తక్కువ. ఔచిత్యం ఎరిగినవాళ్లు ఏ కాలంలోనైనా ఈ గుండ్రటి గదినే వెతుక్కుంటూ వస్తారు. మీ ఊరి షెడ్డులో పాత కారు వెనక చక్రం విప్పిన రోజున ఒక గంట తీరిక చేసుకుని వెళ్లండి. సెట్టింగు వేళ చక్రాన్ని ఒక్కసారి మీ చేత్తో తిప్పనిమ్మని మిస్త్రీని అడగండి. సందు ఎక్కువైనప్పుడు ఒకసారి, బిగుసుకున్నప్పుడు ఒకసారి, కుదిరినప్పుడు ఒకసారి. ఆ మూడింటి తేడా అరచేతికి తెలిసిందంటే మీరూ రసజ్ఞులే. ఆ తర్వాత ఏ కారు ఎక్కినా, అది ఎంత చక్కగా పోతోందన్నదానికన్నా ఎంత చక్కగా ఆగుతోందో ముందు గమనిస్తారు.