శ్రీకాళహస్తీశ్వర శతకము — అంతర్వ్రణ నివేదనము

ధూర్జటి రచించిన శ్రీకాళహస్తీశ్వర శతకము రాజనిందకును, కవి జీవితచరిత్రకును ఆకరముగ తఱచు వినియోగపడుచున్నది. శ్రీకృష్ణదేవరాయల (1509–1529) ఆస్థానముతో కవికి గల సంబంధమును, అతని భోగలాలసను గూర్చి తెనాలి రామకృష్ణుని పేర ప్రచారములో నున్న చాటువును ప్రక్కన నుంచుకొని, శతకములోని పశ్చాత్తాపమును ఆ కథకు సాక్ష్యముగ చదువుట పరిపాటియైనది. ఈ పఠనమున ముఖ్యమైన ప్రశ్న యొకటి మఱుగుపడినదని మా యభిప్రాయము. కవి ఈ మాటలు ఎవరితో చెప్పుచున్నాడు?

సమాధానము మకుటముననే కలదు. శార్దూల మత్తేభములలో నడచిన పద్యములన్నియు ఈశ్వర సంబోధనముతో ముగియును. ధర్మాసనము నెదుట నేరమొప్పుకొనుట వేఱు. వైద్యుని యెదుట నొప్పి చెప్పుకొనుట వేఱు. మొదటివాడు తీర్పునకును, రెండవవాడు చికిత్సకును ఎదురుచూచును. రుద్రుడు దేవతలకు ఆదివైద్యుడని శ్రీరుద్రము కీర్తించినది. శైవుడైన ధూర్జటికి ఈ భావము పరాయిది కాదు.

ఈ దృష్టితో అతని శ్రీకాళహస్తి మాహాత్మ్యమును శతకముతో పోల్చి చూడదగును. మాహాత్మ్యమున తిన్నడు లింగమూర్తి కంట నెత్తురు గాంచి, తన కన్ను పెకలించి అర్పించును. అచట గాయము దేవునిది, మందు భక్తునిది, గాయమును జూపి పరీక్షించువాడు శివుడు. శతకమున ఈ సంబంధము తలక్రిందైనది. గాయము భక్తుని హృదయమునది. అది పైకి కానరాదు. దానిని చూడుమని భక్తుడే శివుని పిలుచుచున్నాడు. సాలెపురుగు, పాము, ఏనుగు, చెంచు ఏ చదువు చదివి తరించిరని శతకకర్త యడుగుటలో, వారికి సహజమైన ఋజుత్వము విద్వాంసుడైన తనకు లేదను వేదన ధ్వనించుచున్నది.

రాజనింద బహిర్ముఖమే గదా, దీనిని అంతర్వ్రణమని ఎట్లు చెప్పుట యని ఆక్షేపింపవచ్చును. కాని రాజులు మత్తులని చెప్పిన పద్యమునందే కవి, వారొసగు భోగవస్తువులు ఆత్మవేదనకు విత్తులని తేల్చి, వాని యందలి ఆశ ఇక చాలునని, జ్ఞానమిమ్మని శివుని వేడును. నింద అచట రోగనిదానము మాత్రమే. రోగము రాజద్వారమునకు నడిపించిన తన ఆశయే. ఏవగించుకొనియు విడువలేని మనస్సును గూర్చిన పద్యములు ఆ నిదానమునే మఱింత లోతునకు గొనిపోవును.

అయితే ఈ గాయము మానినదా? మాహాత్మ్యము కథాకావ్యము గనుక తిన్నని కథకు ముగింపును చెప్పగలదు. శతకము ముక్తకముల సముదాయము. ఒక పద్యమున తృప్తి పొందితినన్న కవి వేఱొక పద్యమున మరల మొఱవెట్టును. దీనిని భావవైరుధ్యమని కొట్టివేయరాదు. ముక్తక రూపము గాయమును ఎప్పటికప్పుడు క్రొత్తగ విప్పి చూపుటకు అనువైనది. స్వస్థత ఈశ్వరుని యధీనము. చూపుట మాత్రమే కవి వంతు.

కావున పరిశోధక విద్యార్థులు శతకమున కవి చేసిన తప్పుల పట్టికను వెదకుటకు ముందు, అతడు ఆ తప్పులను ఎవని చేతికి అప్పగించినాడో గమనింతురు గాక. వైద్యునికి చెప్పుకొన్న మాటను నేరపత్రముగ చదువుట సాహిత్యచరిత్రకును మేలు చేయదు, కవికిని న్యాయము చేయదు.