చెర, చిత్రం, సూచి: ఆష్‌బీ గ్రంథసూచులపై ఒక పరిశీలన

హెన్రీ స్పెన్సర్ ఆష్‌బీ (1834–1900) పేరు ఆంగ్ల గ్రంథసూచీ చరిత్రలో రెండు చోట్ల కనబడుతుంది. సెర్వాంటిస్ అధ్యయనకారులకు ఆయన 1895లో లండన్‌లో వెలువడిన ‘యాన్ ఐకనోగ్రఫీ ఆఫ్ డాన్ క్విక్సోట్’ కర్త. నిషిద్ధ శృంగార వాఙ్మయాన్ని పరిశోధించేవారికి ‘పిసానస్ ఫ్రాక్సీ’ అనే మారుపేరుతో 1877, 1879, 1885 సంవత్సరాలలో మూడు పెద్ద సూచులను సొంతంగా అచ్చువేయించిన వ్యక్తి. ఒకరు స్పానిష్ సాహిత్య పండితుడు, మరొకరు విక్టోరియన్ నీతికి చాటున మసలిన విలాసి అన్నట్లుగా ఈ ఇద్దరినీ విడదీసి చదవడం పరిపాటి. ఆయన రాసినవాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ విభజన నిలవదు.

మారుపేరు నుంచే మొదలుపెట్టవచ్చు. ‘ఆష్’ చెట్టుకు లాటిన్‌లో ఫ్రాక్సినస్ అని, ‘బీ’కి, అంటే తేనెటీగకు, ఆపిస్ అని పేర్లు. ఈ రెండు మాటల అక్షరాలను తారుమారు చేస్తే పిసానస్ ఫ్రాక్సీ అవుతుంది. చిత్రకవిత్వం ఎరిగిన తెలుగు పాఠకులకు ఇది వింత విద్య కాదు. దాచవలసిన పేరును విప్పదగిన పొడుపుకథగా మార్చినవాడు పూర్తిగా దాగదలచలేదన్నదే ఇక్కడ గమనించవలసిన అంశం. తొలి సూచికి పెట్టిన శీర్షికలోనూ ఇదే ధోరణి ఉంది. ‘ఇండెక్స్ లిబ్రోరమ్ ప్రొహిబిటోరమ్’ అన్నది రోమన్ కేథలిక్ చర్చి నిషిద్ధ గ్రంథాల పట్టిక పేరు. చర్చి పట్టిక చదవకూడని పుస్తకాన్ని పేరు పెట్టి చూపి అక్కడితో ఆగుతుంది. ఆష్‌బీ సూచి ఆ పుస్తకపు ముద్రణలను, పరిమాణాన్ని, పాఠభేదాలను నమోదు చేసి, దీర్ఘమైన ఉదాహరణలిచ్చి, చాలాచోట్ల ఇది నాసిరకం రచన అని తేల్చి చెబుతుంది. నిషేధానికి వాడిన రూపమే పరిరక్షణ సాధనమయింది.

డాన్ క్విక్సోట్ సూచిలో పద్ధతి ఇదే, విషయం వేరు. వస్త్ర వ్యాపారంలో గడించిన సంపదతో, ఐరోపా నగరాలలో ఏళ్ల తరబడి సేకరించిన ముద్రణల ఆధారంగా ఆయన నవలకు వేసిన బొమ్మలను 1605 నుంచి తన కాలం వరకు వరుసపెట్టాడు. ఇందులో తీర్పులకంటె వర్ణనకే ప్రాధాన్యం. అయినా ఆ వరుసను అనుసరించి ముద్రణలను చూసేవారికి నవలను మూడు శతాబ్దాలు ఎలా చదివాయో తెలుస్తుంది. 1738లో లండన్‌లో స్పానిష్ భాషలోనే వెలువడిన ముద్రణ వాండర్‌బ్యాంక్ చిత్రాలతో హాస్యగ్రంథానికి కావ్యగౌరవం తెచ్చింది. దానికోసమే మయాన్స్ ఇ సిస్కార్ సెర్వాంటిస్ తొలి జీవితచరిత్రను రచించాడు. 1780లో మాడ్రిడ్‌లో ఇబార్రా అచ్చువేసిన స్పానిష్ అకాడమీ ప్రతి నవలను జాతీయ గ్రంథంగా నిలిపింది. 1863 నాటి డోరే చిత్రాలలో ఒకప్పటి వెర్రి ముసలి గంభీర విషాద నాయకుడయ్యాడు. విమర్శకుల వ్యాసాలు లేకుండానే ఒక రచన గ్రహణ చరిత్రను నిర్మించే సామగ్రి ఇది. ఆష్‌బీ దాన్ని తానుగా నిర్మించలేదు. ఇది ఆయన పరిమితి. తక్కువగా ఎంచిన పుస్తకాలపై విమర్శకుడై, ఆరాధించిన పుస్తకంపై లేఖకుడిగా మిగిలిపోయాడు.

జీవితచరిత్రకారుల ఆసక్తి మాత్రం మరొక దిక్కున సాగింది. ‘మై సీక్రెట్ లైఫ్’ అనే పదకొండు సంపుటాల అజ్ఞాత ఆత్మకథ ఆష్‌బీదేనని 2001లో ఇయాన్ గిబ్సన్ వాదించాడు. వాదం ఆసక్తికరమే కాని తిరుగులేని ఆధారం లేదు. అంతకంటె పెద్ద ఇబ్బంది ఏమంటే, ఈ ప్రశ్న చుట్టూ తిరిగే రచనలలో సెర్వాంటిస్ సేకరణ రహస్య జీవితానికి వేసిన తెరగా కుదించుకుపోతుంది. ఒక మనిషి ఏళ్ల తరబడి చేసిన శ్రమను తెర అనడానికి ఆ శ్రమను చదవకపోవడమే కారణం.

ఆష్‌బీ మరణానంతరం 15,000కు పైగా సంపుటాలు బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. స్పెయిన్ వెలుపల అంతటి సెర్వాంటిస్ సేకరణ మరొకటి లేదని నాటి ప్రతీతి. దానికోసమే మ్యూజియం నిషిద్ధ గ్రంథాలను కూడా స్వీకరించవలసి వచ్చిందని గ్రంథాలయ చరిత్రలు చెబుతాయి. అవి ‘ప్రైవేట్ కేస్’ అనే తాళం వేసిన అరలకు చేరాయి. చాలాకాలం వాటికి సాధారణ సూచిలో చోటు దక్కలేదు.

ఈ ఘట్టం డాన్ క్విక్సోట్ మొదటి భాగం ఆరవ అధ్యాయాన్ని గుర్తుకు తెస్తుంది. మతాచార్యుడు, మంగలి కలిసి నాయకుడి పుస్తకాలను పరీక్షిస్తారు. పనికిరానివాటిని ఇంటి పనిమనిషి పెరట్లోకి విసురుతుంది. ‘అమాదిస్’ మంగలి మాట మీద బతుకుతుంది. సెర్వాంటిస్ స్వయంగా రాసిన ‘లా గలతేయా’ వంతు వచ్చినప్పుడు మాత్రం అగ్నిశిక్ష, విముక్తి రెండూ ఉండవు. వాగ్దానం చేసిన రెండవ భాగం వచ్చేదాకా దాన్ని మంగలి ఇంట బంధించి ఉంచమంటాడు ఆచార్యుడు. ఆ అధ్యాయానికి వేసిన బొమ్మలను శ్రద్ధగా నమోదు చేసినవాడి పుస్తకాలకూ, కాల్చకుండా, చదవనీయకుండా, అదే మూడో శిక్ష పడింది.